ఆటలమ్మ ఇంట్లో సాలమాండర్లు

ఉప్పల్‌లో మూతపడిన ఒక టిఫిన్ సెంటర్ వాళ్లు ఉల్లిగడ్డలు పోసుకునే గాజు తొట్టె ఒకటి, అంతకుముందెప్పుడో అందులో రంగు చేపలు తిరిగేవట, ట్రాలీ ఆటోలో నాచారం దాకా వచ్చి, ఇరుకు మెట్లెక్కి, సాంబయ్య కిరాయికుంటున్న పైపోర్షన్ వరండాలో దిగిన పొద్దునే, దాన్ని తెప్పించిన త్రివేణి మెడ మీద మొదటి పొక్కు లేచింది. తొట్టెలో తల పెట్టి వాసన చూస్తూ, ఉల్లిగడ్డ కంపు ఒక్కటే, ఇంకే పాడు వాసనా లేదు, మస్తుంది నాయినా అని సంబరపడిపోతోందే తప్ప ఆ పిల్లకు మెడ మీద ధ్యాస లేదు. వెనక నీళ్ల చెంబుతో నిలబడ్డ తల్లి సారలమ్మకు మాత్రం తొట్టె కనిపించలేదు, మెడే కనిపించింది.

ఆమె దగ్గరికొచ్చి కూతురి జడ పక్కకు తీసింది. చెవి కింద ఇంకో రెండున్నాయి, చిన్న చిన్న నీటి బుడగల్లాగా.

"ఏమయ్యా," అంది మొగుడితో, గొంతు సగానికి తగ్గించి, "బిడ్డకు అమ్మ పోసింది."

అంతే, పావుగంటలో త్రివేణి లోపలి గదిలో ఉంది. మామూలు జ్వరమొస్తే మనిషిని దవాఖానాకు తీసుకుపోతారు, ఆటలమ్మ వస్తే ఇంటినే గుడి చేస్తారు. గుమ్మానికి వేపమండలు కట్టారు, మంచం మీద వేపాకు పరిచారు, గడపకు పసుపు రాశారు. పోపు బంద్, నీసు బంద్, సాంబయ్యకు గడ్డం గీసుకోవడం బంద్, ఇంటికి మనుషులు రావడం బంద్. ప్రాణమున్నదేదీ ఆ ఇంట్లో చావకూడదు, చీమను కూడా చీపురుతో మెల్లగా నెట్టాలి. ఒంట్లో అమ్మ కూర్చుని ఉంది కాబట్టి రోగిని కసరకూడదు, గట్టిగా మాట కూడా అనకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అమ్మ దిగి తలస్నానం పోసేదాకా రోగి గడప దాటకూడదు. ములుగు పక్క ఊళ్లో సారలమ్మ చెల్లెలు చిన్నప్పుడు ఆటలమ్మతో ఉండి తోటిపిల్లలతో ఆడుకోవడానికి బయటికి ఉరికింది, ఆ తర్వాత ఆమెకు ఎడమ కన్ను లేదు. దానికీ దీనికీ సంబంధమేంటని త్రివేణి ఎన్నోసార్లు వాదించింది. ఇప్పుడు వాదించడానికి కూడా లేదు, ఎందుకంటే సాంబయ్య పోయి అడిగితే సందు చివర డాక్టర్ కూడా మాత్రలు రాసిచ్చి అదే మాట అన్నాడు, ఇల్లు కదలకూడదని. సైన్సూ అమ్మవారూ ఒక్కటైపోతే ఇరవై ఏళ్ల పిల్ల ఎటు పోతుంది?

తన సంగతి సరే. నాలుగు చిన్న ప్రాణాల సంగతేంటి? అదీ త్రివేణి గుండెల్లో కూర్చున్న రాయి.

రామంతాపూర్‌లో వాళ్ల కాలేజీ సీనియర్ గోవర్ధన్ ఉద్యోగం దొరికి పుణె పోతూ, తన దగ్గర గుడ్లలోంచి పుట్టిన సాలమాండర్ పిల్లలు నాలుగు ఆమె చేతిలో పెట్టి పోయాడు. సాలమాండర్ అంటే కప్పకు దగ్గరి చుట్టం, చూపుకు బల్లి, బతుకు చేప. వేలెడంత పొడవు, మెడకు రెండు పక్కలా ఎర్రటి ఈకల్లాంటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మూతి. రెండు లేత గులాబీ రంగువి, రెండు మట్టిరంగువి. వాటికి చల్లటి నీళ్లు కావాలి, హైదరాబాద్ ఎండలు పడవు. ఇంకో చిక్కు, పిల్లలుగా ఉన్నప్పుడు ఆకలైతే ముందు కదిలిందాన్ని కొరుకుతాయి, పక్కదాని కాలైనా సరే. అందుకే ఒక్కోదాన్ని ఒక్కో ఐస్‌క్రీం డబ్బాలో పెట్టింది. అంత చిన్న డబ్బాలో నీళ్లు ఎంతసేపట్లో కాగుతాయో ఎవరికి చెప్పాలి? పెద్ద తొట్టె అయితే నీళ్లు నింపాదిగా వేడెక్కుతాయి, మధ్యలో అద్దాలు పెడితే నాలుగు గదులవుతాయి, ఒకే చల్లదనం నాలుగింటికీ అందుతుంది. ఎండలు ముదరకముందే తొట్టె తయారు కావాలి, లేదంటే అవి బతకవు. గోవర్ధన్ పదేపదే చెప్పిన మాట అదొక్కటే.

తొట్టె వచ్చింది. తయారు చెయ్యాల్సిన చేతులు లోపల పడ్డాయి.

ఆ గదికి వరండా వైపు ఒక కిటికీ ఉంది, ఇనుప ఊచలు, వాటికి దోమల జాలీ. త్రివేణి మంచాన్ని కిటికీకి జరిపించుకుని, జాలీకి ముక్కు ఆనించి కూర్చుంది. అది బందుల ఏడాది, తెలంగాణ కోసం వారానికో బందు. ఆ రోజూ ఇండస్ట్రియల్ ఏరియాలో గేట్లన్నీ మూసే ఉన్నాయి, ఫిట్టర్ పని చేసే సాంబయ్య ఇంట్లోనే ఉన్నాడు. దొరికిందే సందు అనుకుంది. నాయినను పనిలో పెట్టింది.

"సబ్బు పెట్టొద్దు నాయినా. ఎంత కడిగినా సబ్బు గాజును వదలదు. అవి తోలుతోటే ఊపిరి పీలుస్తయి."

"తోలుతోటి ఊపిరి పీలుసుడా. కాలేజీల గివే చెప్తున్నరా మీకు?" అన్నాడు సాంబయ్య, కానీ సబ్బు పక్కన పెట్టాడు.

గల్లుప్పు, నిమ్మచెక్క పెట్టి తోమాడు. అద్దానికి తెల్లగా చారలు కట్టిన పాత బోరునీళ్ల ఉప్పు మెల్లమెల్లగా వదిలింది. మూలల్లో ఇంకా నీలంగా ఏదో మరక, ఎప్పటిదో చేపల మందు. దాన్ని బ్లేడుతో గీకమంది, గీకాడు. ఆ పక్కా అంది, ఆ పక్కా గీకాడు. కింద పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనరమ్మ ఉప్పలమ్మ, ఆ స్థలంలో వాళ్లు ఒకప్పుడు వరి పండించినవాళ్లు, వాకిట్లోంచి తలెత్తి అద్దాల మేడ గిట్ల కడుతున్నవా సాంబన్నా, కిరాయి పెంచాలె మల్ల అని ఎగతాళి చేసింది. అమ్మ పోసిన ఇంటికి రాకూడదు కాబట్టి ఆమె మాటలన్నీ మెట్ల కింద నుంచే.

నీళ్లు పట్టి చూస్తే పెచ్చు ఊడిన మూలనుంచి చుక్క, చుక్క, చుక్క. సాంబయ్య మొహం వెలిగిపోయింది. లీకేజీలు మూయడంలో ఆయన చెయ్యి కంపెనీ మొత్తానికీ తెలుసు. ఇంట్లో దాచుకున్న సీలెంట్ ట్యూబు తెచ్చాడు. త్రివేణి దాన్ని జాలీకి ఆనించమని వెనకనున్న సన్న అక్షరాలు చదివింది. బాత్రూముల్లో బూజు పట్టకుండా మందు కలిపిన రకం. బూజును చంపేది వీటినీ చంపుతుంది, ఇది వద్దంది. ఆయన ట్యూబును తిప్పి తిప్పి చూసుకున్నాడు. పాతికేళ్లుగా సీళ్లు వేస్తున్న మనిషికి పిల్ల కిటికీలోంచి వద్దని చెప్తోంది. అయినా చెప్పులేసుకుని పోయి, సగం షట్టర్ ఎత్తి ఉన్న అద్దాల షాపులోంచి ఏ మందూ కలపని సాదా ట్యూబు తెచ్చాడు, మధ్య గోడల కోసం మూడు అద్దం ముక్కలు కోయించుకొచ్చాడు. అవి జారి కూర్చోవడానికి అటూ ఇటూ సన్న పట్టీలు అంటించాడు, కావాలంటే పైకి లాగొచ్చు, కావాలంటే దించొచ్చు. చూస్తే అచ్చం షాపులో చేయించినట్టే ఉంది. త్రివేణి లోపల్నుంచి చప్పట్లు కొట్టబోయి, అరచేతుల్లోనూ పొక్కులుండటంతో ఆగిపోయింది.

సీలెంట్ ఆరాలి. ఘాటు వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లు పట్టకూడదు. ఆగడం తప్ప పనేం లేదు.

ఈలోగా తిండి గొడవ మొదలైంది. సాలమాండర్ పిల్లలు కదిలేదాన్నే తింటాయి. వాటికోసం తెచ్చిన సన్న ఎర్రపురుగులు ఒక డబ్బాలో ఉండేవి. సారలమ్మ ఆ డబ్బాను మోరీలో వంపి, మీ బతుకు మీరు బతకండ్రి అని దండం పెట్టి వచ్చింది. అమ్మ ఉన్న ఇంట్లో ఒకదాన్ని ఇంకోదానికి బలి ఇస్తామా? త్రివేణి నెత్తి కొట్టుకుంది. సారలమ్మ కోప్పడలేదు, కోప్పడకూడదు కదా, పెరుగన్నం మెతుకులు తెచ్చి ఒక్కో డబ్బాలో రెండేసి వేసింది. చల్లటి తిండి, అమ్మకు ఇష్టం, వీటికీ చలవ చేస్తుందంది. మెతుకులు కదలవు. పిల్లలు వాటివైపు చూడనన్నా చూడలేదు. సాయంత్రానికి నీళ్లు తెల్లగా విరిగాయి, మొత్తం మార్చాల్సి వచ్చింది.

ఆ మార్చే పనీ సారలమ్మదే అయింది, ఎందుకంటే బందు ముగిసి సాంబయ్య డ్యూటీకి పోయాడు. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, బల్లి ఒంటి మీద పడితే ఏమవుతుందో పంచాంగంలో చూసినవన్నీ గొణుక్కుంటూ, డబ్బాలో సగం నీళ్లు వంపి సగం పోసేది. జాలీ వెనక నుంచి కూతురు మెల్లగా, మెల్లగా, ఇంకా మెల్లగా అనేది. ఉప్పలమ్మ ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు మెట్ల మీద పెడితే వాటిని డబ్బాల మధ్య నిలబెట్టేది. కరెంటు పోయిన పూట సీసాలు గడ్డకట్టేవి కావు. అప్పుడు గోనెసంచి తడిపి కప్పేది, అది ఎండగానే మళ్లీ తడిపేది. అన్నీ చేసేది. ఒక్క పురుగు మాత్రం వేసేది కాదు.

త్రివేణికి జ్వరం ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. వీపంతా పొక్కులు, పడుకోలేదు, గోకుకోలేదు, తల దువ్వుకోలేదు. ఫ్యాన్ తిరిగితే వేపాకు కదిలేది, లేకపోతే అదీ లేదు. కిటికీలోంచి కనిపించేది ఒకటే ముక్క లోకం, ఖాళీ తొట్టె, నాలుగు డబ్బాలు, వాటిలో నాలుగు తోకలు. గోడకు గోడకు మధ్య అవి ఎటు తిరిగినా మూతి డబ్బాకు తగులుతోంది. చూస్తూ చూస్తూ ఉంటే ఎవరు డబ్బాలో ఉన్నారో ఎవరు చూస్తున్నారో ఆ పిల్లకు గల్లంతయ్యేది. మొప్పల మీద ఎరుపు రోజురోజుకూ తగ్గుతోంది. పొట్టలు లోపలికి పోతున్నాయి. ఫోన్ చేస్తే గోవర్ధన్ అదే చెప్పాడు, పెద్దవైతే ఆకలికి ఓర్చుకుంటాయి, పిల్లలు ఓర్చుకోలేవు.

సీలెంట్ వాసన పోయిందని సారలమ్మ ముక్కు పెట్టి చూసి చెప్పిన రోజు నల్లాలో మంజీరా నీళ్లు వచ్చాయి. బిందెలతో మోసి తొట్టె నింపింది. క్లోరిన్ పోవడానికి ఒక రోజు అట్లాగే ఉంచి, ఆ తర్వాత పిల్లలను వదలొచ్చు. త్రివేణికి ఎన్నాళ్లకో కాస్త ఊపిరాడినట్టయింది, కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి తొట్టెలో నీళ్లు పచ్చగా ఉన్నాయి, వేపాకులు తేలుతున్నాయి.

"అమ్మా, ఏం కలిపినవ్ అందుల?"

"పసుపు. అమ్మ ఉన్న ఇంట్ల పసుపు లేని నీళ్లు ఉంటయా? నువ్వు తాగే నీళ్లల్ల గూడ ఏస్తున్న గద."

సారలమ్మ మొహంలో తప్పు చేసిన జాడ కూడా లేదు, పైగా ఒక పని మిగలకుండా చేశానన్న తృప్తి ఉంది. తోలుతో ఊపిరి పీల్చేవాటికి ఇది విషమో కాదో త్రివేణికీ తెలియదు, కానీ తెలియనిదాంట్లో వాటిని ఎట్లా వదులుతుంది? మొత్తం వంపేయమంది. మళ్లీ నీళ్లు రావడానికి రెండ్రోజులు పడుతుందని తెలిసే అంది. అనేటప్పుడు గొంతు పెరిగింది, ఈ ఇంట్లో ఏదీ తన మాట మీద నడవదా, తనను లోపల పడేసి మీ ఇష్టమొచ్చినట్టు చేస్తారా అని నోటికొచ్చినవన్నీ అంది. తల్లి ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. మగ్గుతో తోడి తోడి బాల్చీలు నింపి, కింద ఉప్పలమ్మ పూలకుండీలకు పోసి వచ్చింది. ఎదురు తిట్టినా బాగుండేది. అంత మెత్తగా ఉన్న తల్లిని త్రివేణి ఎప్పుడూ చూడలేదు, ఆ మెత్తదనంతో గొడవ పడటం దూదిలో చెయ్యి పెట్టినట్టుంది, ఎక్కడా ఆనదు.

రెండోసారి నింపినప్పుడు పసుపు వేయలేదు. ఆ రాత్రంతా నీళ్లు అట్లాగే ఉన్నాయి. మర్నాడు త్రివేణి చూసుకుని, మధ్య అద్దాలు దించాక, సాయంత్రం నాయిన వచ్చాక పిల్లలను వదలాలని లెక్క.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నానికే కరెంటు పోయింది. త్రివేణి మాత్ర వేసుకుని మగతలో ఉంది. వరండాలో డబ్బాలు వేడెక్కాయి, గులాబీ రంగు పిల్ల ఒకటి నీటి పైకి వచ్చి నోరు తెరిచి మూస్తోంది. సారలమ్మ చూసింది. వేలు ముంచి చూస్తే డబ్బాలో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, తొట్టెలో ముంచి చూస్తే చల్లగా ఉన్నాయి. కూతుర్ని లేపుదామా అనుకుంది, అమ్మ నిద్రపోతుంటే లేపకూడదు. తానే చేద్దామనుకుంది. స్టీలు గ్లాసుతో ఒక్కోదాన్నీ తోడి తొట్టెలోకి జారవిడిచింది. మూడు అద్దం గోడలూ పక్కకు ఆనించి ఉన్నాయి. వాటిని దించాలని ఆమెకు తెలుసు, రోజూ వింటూనే ఉంది. కానీ చేతులు రాలేదు. పుట్టినప్పటి నుంచీ ఒక్కొక్కటీ ఒక్కో డబ్బాలో, ఒకదాని మొహం ఒకటి ఎరగకుండా బతుకుతున్నాయి. తోడబుట్టినవే కదా, కాసేపు కలిసి ఉంటే ఏం పోతుంది?

త్రివేణి కళ్లు తెరిచేసరికి కిటికీ నిండా నీళ్లు, నీళ్లలో నాలుగూ. ఒక్క క్షణం కల అనుకుంది. అంత పొడవు ఈదడం వాటి జన్మలో మొదటిసారి. మట్టిరంగుది తోక ఊపుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది, వెనక్కి తిరిగింది, గులాబీది ఎదురొచ్చింది. ఎంత బాగున్నాయి అనుకుంది ఆ పిల్ల, నిజంగానే అనుకుంది. అనుకుంటుండగానే మట్టిరంగుది ఒక్కసారి మూతి విసిరింది. గులాబీది గిలగిలా కొట్టుకుని పక్కకు తిరిగింది. దాని ముందు కాలు, మోచేతి దగ్గర్నుంచి, లేదు.

ఎప్పుడు మంచం దిగిందో తెలియదు. వేపమండలు తలకు కొట్టుకున్నాయి. గడప మీద చెయ్యి ఆనించి, ఒక కాలు అవతల పెట్టింది.

సారలమ్మ తొట్టె దగ్గర్నుంచి ఉరికొచ్చి రెండడుగుల దూరంలో ఆగిపోయింది. ముట్టుకోలేదు, కసరలేదు. రెండు చేతులూ జోడించింది.

"తల్లీ, దాటకు," అంది. "నీకు దండం పెడత. చిన్నమ్మ కన్ను యాదికి తెచ్చుకో."

కన్నతల్లి తనకు దండం పెట్టడం. త్రివేణికి అప్పుడు అర్థమైంది, ఇన్ని రోజుల మెత్తదనమంతా ఏంటో. అమ్మ తనతో మాట్లాడటం లేదు. తన లోపల ఉన్నదనుకుంటున్న ఇంకెవరితోనో మాట్లాడుతోంది. ఆ ఇంకెవరినో చూసి భయపడుతోంది.

"నేను రావాలె, లేకపోతే నువ్వు చెయ్యాలె. ఇంకోటి లేదు," అంది. కాలు మాత్రం అట్లాగే ఉంచింది.

"చెప్పు. చేస్త."

అద్దాలు దించమంది. సారలమ్మ చెయ్యి మోచేతి దాకా తొట్టెలో పెట్టింది, మొదటిసారి మొహం తిప్పుకోకుండా పెట్టింది. ఒక అద్దం పట్టీలోకి జారింది, రెండోది తడబడి జారింది, మూడోదానికి మట్టిరంగుది అడ్డమొస్తే వేలితో మెల్లగా పక్కకు నెట్టింది, నెట్టి, వేలు చూసుకుంది, జారుగా చల్లగా ఉందే తప్ప బల్లిలా లేదు అనుకున్నట్టు. నాలుగూ నాలుగు గదుల్లో పడ్డాయి. కాలు తెగిన పిల్ల అడుగున కదలకుండా ఉంది.

"దాని కాలు మల్ల మొలుస్తది," అంది త్రివేణి.

"తెగిన కాలు మొలుస్తదా. పిచ్చి ముచ్చట."

"మొలుస్తది. తింటేనే మొలుస్తది. ఇయ్యాల తినకపోతే అది సస్తది, మిగిలినయి గూడ సస్తయి. వానపాములు కావాలె. ఉప్పలమ్మ పూలకుండీలల్ల ఉంటయి."

సారలమ్మ కూతురి మొహంలోకి చూసింది. చూసి చూసి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"అడుగుతున్నది నువ్వా, అమ్మనా? అమ్మ అడిగితే ఇయ్యాల్సిందే. నాకు పాపం లేదు. నిజం చెప్పు."

ఎంత తేలిక. ఒక్క మాట. అమ్మే అడుగుతున్నదంటే అయిపోయింది. తల్లి లెంపలేసుకుని ఉరుకుతుంది, కుండీలన్నీ తిరగేస్తుంది, ఇవాళే కాదు, తలస్నానం పోసేదాకా మూడు పూటలా తెచ్చి పెడుతుంది. త్రివేణి ఇవేవీ నమ్మదు, నమ్మనివాళ్లకు ఆ మాట అనడానికి ఏం పోతుంది? నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఆ జోడించిన చేతులు ఇంకా విడిపోలేదు. ఒక్కసారి అంటే ఇక అవి విడిపోవు. అన్ని రోజులుగా ఆ గదిలో వేపాకు మీద ఒంటరిగా పడుంది, ఎవరూ నుదుటి మీద చెయ్యి వేయలేదు, ఎవరూ ఏయ్ పోరీ అని తిట్టలేదు. ఆ పిల్లకు తల్లి కావాలి, భక్తురాలు కాదు.

"నేనేనే అమ్మా," అంది. "నేనే అడుగుతున్న."

సారలమ్మ చేతులు కిందికి దిగాయి. కూతురి కాలి వైపు చూసింది, గడప అవతలున్న ఆ కాలి వైపు. త్రివేణి దాన్ని వెనక్కి తీసుకుంది. అప్పుడు సారలమ్మ మెట్లు దిగింది.

కిందినుంచి మాటలు వినిపించాయి. ఉప్పలమ్మ నవ్వుతోంది, పోచమ్మకు కోడిపుంజునే కోస్తం, గింతంత వానపాముకు అలుగుతదా ఆ తల్లి అంటోంది. కోసేది అమ్మను సాగనంపేటప్పుడు, ఇంట్లో కూసున్నప్పుడు కాదంటోంది సారలమ్మ. మరి ఇప్పుడెందుకు తవ్వుతున్నవే అని ఉప్పలమ్మ అడుగుతోంది. కుండీ పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది.

కొబ్బరిచిప్పలో తడిమట్టి, మట్టిలో వానపాములు. తెచ్చి తొట్టె ముందు పెట్టుకుని కూర్చుంది. త్రివేణి మళ్లీ జాలీ దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది, చెప్పడానికి తనకే నోరు రాలేదు, పిల్లల మూతులు చిన్నవి, నిండు వానపామును మింగలేవు, ముక్కలు చెయ్యాలి. సారలమ్మ తల ఊపింది. సాంబయ్య గీకడానికి వాడిన బ్లేడు తీసి కడిగింది. ఒక వానపామును పీట మీద పెట్టింది. అది ముడుచుకుంది, సాగింది. ఆమె తల కిటికీ వైపు తిరగలేదు, గుమ్మానికున్న వేపమండల వైపు తిరిగింది.

"పాపం నాది తల్లీ," అంది. "పిల్ల లెక్కల రాయకు."

కోసింది.

త్రివేణి జాలీ మీద నుదురు ఆనించింది. ఒక్క అబద్ధం ఆడి ఉంటే అమ్మకు ఈ మాట అనే పని ఉండేది కాదు. ఆ సంగతి ఇప్పుడు తట్టింది. ముందే తట్టి ఉంటే ఏం చేసేదో తెలియదు.

వేపపుల్ల కొసకు ముక్క గుచ్చి నీళ్లలోకి దించి ఆడించమంది. సారలమ్మ ఆడించింది. మట్టిరంగుది ముందు కదల్లేదు. తర్వాత ఒక్క ఊపున మూతి విసిరింది, ముక్క మాయమైంది, పుల్ల చేతిలో కదిలింది. సారలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని మళ్లీ పెట్టింది. రెండోదీ తింది. కాళ్లన్నీ ఉన్న గులాబీది రెండు ముక్కలు తిని ఇంకా చూస్తోంది. కాలు తెగిందాని ముందు పుల్ల చాలాసేపు ఆడింది. చెయ్యి నొప్పిపుట్టి ఇంకో చేతికి మార్చుకుంది. తిను బిడ్డా అంది, అన్నది ఎవరితోనో చూసుకోకుండా. అది తల కొంచెం ఎత్తింది. దింపింది. మళ్లీ ఎత్తి, మెల్లగా నోరు తెరిచి, పుల్ల కొసను కూడా కలిపి పట్టుకుంది. సారలమ్మ పుల్ల లాగలేదు, అది తనంతట తాను వదిలేదాకా అట్లాగే పట్టుకుని కూర్చుంది.

కరెంటు ఇంకా రాలేదు. తొట్టె మీద గోనెసంచి కప్పి, తడిపి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయిపోయిందా ఇగ?"

"ఇయ్యాలకు అయిపోయింది."

"ఇయ్యాలకు అంటే?"

"రోజు ఎయ్యాలె అమ్మా. పెద్దగయ్యేదాంక."

ఒక్కసారి చేసి దండం పెట్టుకుంటే తీరిపోయే పాపం అనుకుంది కాబోలు సారలమ్మ. బ్లేడు కడిగింది, పీట కడిగింది, చేతులు పసుపు నీళ్లతో మళ్లీ మళ్లీ కడుక్కుంది. కూతురి వైపు చూసింది, ఆ చూపులో ఇందాకటి భయం లేదు, మామూలుగా ఇంట్లో ఉండే విసుగు ఉంది, త్రివేణికి దాన్ని చూస్తే ఏడుపొచ్చింది. తర్వాత ఆమె కొబ్బరిచిప్ప తీసుకుని, మిగిలిన వానపాముల మీద ఇంత తడిమట్టి కప్పి, ఎండ తగలని మూలకు జరిపి, వాటినే చూస్తూ నిలబడింది.

"మరి వీటికేం పెట్టాలె," అంది, "రేపటి దాంక?"